విమానానికి మాసిక

ఈసారి విమానం ఎక్కేటప్పుడు సామాన్ల తలుపు చుట్టుపక్కల ఒకసారి చూడండి. నున్నటి పెయింటు కింద పుస్తకమంత పలక ఒకటి అదనంగా అతికించి కనిపించవచ్చు. మూలలు గుండ్రంగా ఉంటాయి, అంచు వెంట రివెట్లు, అంటే రేకులను కలిపి పట్టి ఉంచే లోహపు మేకులు, రెండు మూడు వరసల్లో ఉంటాయి. ఏ నిచ్చెన బండో, సామాన్ల బండో తగిలినచోట వేసిన మాసిక అది. చూసి టెన్షన్ పడక్కర్లేదు. చాలా ఏళ్లు తిరిగిన విమానానికి ఇలాంటివి నాలుగైదు ఉండటం మామూలే.

ఆ మాసిక వేసేవాళ్లను షీట్ మెటల్ మెకానిక్‌లంటారు. ఇంజన్ల గురించి, పైలట్ల గురించి ఎన్నో వ్యాసాలు వస్తాయి కానీ వీళ్ల పని గురించి రాసినవాళ్లు తక్కువ. రేకు కొట్టే పనిలో సైన్స్ ఏముంటుందిలే అనుకుంటారు కాబోలు. నిజానికి పదార్థ విజ్ఞానంలోని సగం పాఠాలు ఆ పలక కిందే ఉన్నాయి.

ముందు రేకు సంగతి. పాత బోయింగ్ 737 శరీరం మీది తొడుగు మందం చాలాచోట్ల 0.9 మిల్లీమీటర్లే. 35,000 అడుగుల ఎత్తులో బయట గాలి బాగా పలచబడిపోతుంది. లోపల మాత్రం మనం ఊపిరి తీసుకోవాలి కాబట్టి సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉండేంత గాలిని నింపి ఉంచుతారు. ఆ తేడా వల్ల తొడుగు మీద లోపలి నుంచి చదరపు మీటరుకు 5 టన్నులకు పైగా ఒత్తిడి పడుతుంది. వినడానికి భయంగా ఉన్నా, రేకు దీన్ని తేలిగ్గానే తట్టుకుంటుంది. రేకు శాశ్వతంగా సాగిపోవడానికి ఎంత లాగాలో, ఇక్కడ పడే లాగుడు అందులో సుమారు మూడో వంతు మాత్రమే.

చిక్కంతా ఆ లాగుడు పదే పదే పడటంతోనే వస్తుంది. విమానం పైకి వెళ్లిన ప్రతిసారీ శరీరం కాస్త ఉబ్బుతుంది, దిగగానే సడలుతుంది. ఇలా వేల సార్లు జరిగితే, ఒక్కసారికి ఏమీ కాని బలానికే లోహంలో పగులు పుడుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. అందుకే విమానం వయసును ఏళ్లలో కంటే ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న లెక్కలో చూడటం ముఖ్యం. గంటకోసారి దిగే చిన్న రూటు విమానం, ఖండాలు దాటే విమానం కంటే త్వరగా ముసలిదవుతుంది.

పగులు ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. లాగుతున్న రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే, దాని పక్క అంచుల దగ్గర బిగువు మూడు రెట్లవుతుంది. 1913లో ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఇంకో అడుగు ముందుకు వేసి, రంధ్రం కొన ఎంత వాడిగా ఉంటే అక్కడ బిగువు అంత పెరుగుతుందని లెక్క కట్టి చూపించాడు. సన్నటి పగులు కొన ఉండేది అంతకంటే వాడిగా. అందుకే పెద్దగా బరువు మోయని భాగాల్లో పగులు కనిపిస్తే మెకానిక్ దాని కొన దగ్గర చిన్న రంధ్రం వేస్తాడు. పగులు వెళ్లి ఆ గుండ్రంలో కలిసి, వాడి పోగొట్టుకుని ఆగుతుంది. పగిలినదానికి ఇంకో బెజ్జం వేయడమేమిటని చూసేవాళ్లకు అనిపిస్తుంది. అసలు మరమ్మతు చేసేదాకా గడపడానికి అది చాలు. మాసికకు మూలలు గుండ్రంగా కత్తిరించడం వెనకా ఇదే లెక్క ఉంది.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వద్దాం. మాసిక నిలవాలంటే రివెట్లు కావాలి, ప్రతి రివెట్‌కూ రంధ్రం కావాలి. పగుళ్లు రంధ్రాల దగ్గరే కదా పుట్టేది! అంటే ఒక దెబ్బను బాగుచేయడానికి, పగుళ్లు పుట్టగల చోట్లను కొత్తగా ఓ యాభై మనమే తయారు చేస్తున్నామన్నమాట.

మరి దళసరి పలక వేసి, గట్టిగా బిగించేస్తే సరిపోదా? సరిపోదు. పాత చొక్కాకు కొత్త ముతక గుడ్డతో మాసిక వేస్తే తర్వాత చిరిగేది మాసిక కాదు, దాని అంచున ఉన్న పాత బట్ట. విమానంలోనూ అంతే. తొడుగు మీద వచ్చే బలం మాసిక దగ్గరకు రాగానే రివెట్ల ద్వారా అందులోకి ఎక్కాలి. పలక మరీ దళసరిదైతే అది సాగదు. సాగనిది ఎక్కువ బలాన్ని తన మీదికి లాక్కుంటుంది, ఆ భారంలో ఎక్కువ పాలు అన్నిటికంటే బయట ఉన్న మొదటి వరస రివెట్ల మీద పడుతుంది. ఆ వరస కింద ఉన్నది పాత తొడుగే. అందుకే మాసికకు అదే మిశ్రమ లోహం, అదే మందం, లేదంటే ఒక్క మెట్టు ఎక్కువ మందం తీసుకుంటారు. ముఖ్యమైన చోట్ల అంచులను మెట్లు మెట్లుగా పలచన చేసి, బలం మెల్లగా ఎక్కేలా చూస్తారు.

ఇదంతా మెకానిక్ సొంత ఊహతో చేసేది కాదు. విమానం తయారుచేసిన కంపెనీ ఇచ్చే మరమ్మతు మాన్యువల్లో ఏ దెబ్బకు ఏ పలక, ఎన్ని వరసలు అన్నది ఉంటుంది. మాన్యువల్ హద్దు దాటిన దెబ్బ అయితే కంపెనీ ఇంజనీర్లను అడిగి డ్రాయింగు తెప్పించుకోవాలి. చేతిలో ఉండే లెక్కలు మాత్రం మెకానిక్‌కు కంఠతా వచ్చి ఉండాలి. రివెట్ మధ్య నుంచి రేకు అంచుకు కనీసం రివెట్ వ్యాసానికి రెండింతలు, రివెట్‌కూ రివెట్‌కూ మధ్య కనీసం మూడింతలు దూరం ఉండాలి. కొట్టాక అవతల ఏర్పడే తల వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం రావాలి.

పనిలో ఎక్కువ సమయం రివెట్ కొట్టడానికి పోదు, దానికి ముందు జరిగే తయారీకి పోతుంది. దెబ్బతిన్న భాగాన్ని కోసి తీసేస్తారు. పలకను పెట్టి రంధ్రాలు వేస్తూ, క్లీకో అనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా బిగిస్తూ పోతారు. సైజును బట్టి వాటికి రంగులుంటాయి, రాగి రంగుదైతే అంగుళంలో ఎనిమిదో వంతు రంధ్రానికని చూడగానే తెలుస్తుంది. అన్ని రంధ్రాలూ అయ్యాక మొత్తం మళ్లీ విప్పుతారు! డ్రిల్లు చేసినప్పుడు రేకుల మధ్య చిక్కిన రజనును తుడవాలి, ప్రతి రంధ్రం అంచునా లేచిన గరుకును తీయాలి. ఆ గరుకే రేపటి పగులుకు మొలక కావచ్చు. తర్వాత తుప్పు పట్టకుండా ప్రైమర్, రేకుల మధ్య సందులు మూసే సీలెంట్, ఆపైన రివెట్లు.

అల్యూమినియం మీద మామూలు పెన్సిల్‌తో గీత గీయకూడదన్నది ఈ వర్క్‌షాపుల్లో మొదట నేర్పే పాఠాల్లో ఒకటి. పెన్సిల్లో ఉండే గ్రాఫైట్, అల్యూమినియం, కాస్త తేమ మూడూ కలిస్తే చిన్న బ్యాటరీలా పనిచేసి గీత వెంట లోహాన్ని తినేస్తాయి. ఇనప ములికితో గీయడం ఇంకా చేటు, కోసి పారేసే గీత అయితే తప్ప. విమాన రేకుల్లో ఎక్కువగా వాడే, 2024 అనే నంబరున్న అల్యూమినియం రకంలో సుమారు 4 శాతం రాగి ఉంటుంది. దాంతో బలం వస్తుంది, తుప్పు భయమూ వస్తుంది. అందుకని రేకు రెండు వైపులా శుద్ధ అల్యూమినియం పలచటి పొర వేస్తారు. గీత ఆ పొరను చీల్చిందంటే రక్షణ పోయినట్టే, పైగా ఇంగ్లిస్ చెప్పిన వాడి కొన ఒకటి తయారైనట్టే.

రివెట్ కొట్టడం ఇద్దరి పని. ఒకరు బయటి నుంచి గాలితో నడిచే గన్ పట్టుకుంటారు. ఇంకొకరు లోపలి నుంచి బకింగ్ బార్ అనే బరువైన ఉక్కు దిమ్మెను రివెట్ తోకకు ఆనించి ఉంచుతారు. గన్ కొడుతుంటే తోక దిమ్మె మీద నలిగి తలగా మారుతుంది. మధ్యలో తొడుగు ఉంటుంది కాబట్టి ఒకరికొకరు కనబడరు, ఆ మోతలో మాట వినబడదు. అందుకని తట్టే భాష ఒకటుంది. లోపలి మనిషి ఒకసారి తడితే ఇంకొంచెం కొట్టు అని, రెండుసార్లు తడితే బాగుందని, మూడుసార్లు తడితే చెడింది, తీసెయ్ అని అర్థం. హైదరాబాద్ దగ్గరి ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల శరీరాలు, సి-130జె రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర విమానాల మరమ్మతు షెడ్లున్నాయి. ఈ పని మన దగ్గర్లోనే జరుగుతోందన్నమాట.

కొన్ని రివెట్లను ఫ్రీజర్లో పెడతారు. దీని వెనక కథ ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ లోహ శాస్త్రవేత్తది. 1906లో ఆయన రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి, నీళ్లలో ముంచి చల్లార్చి పరీక్షించాడు. ఆశించినంత గట్టిగా లేదు. కొద్ది రోజులాగి మళ్లీ పరీక్షిస్తే, ఎవరూ ముట్టుకోకుండానే అది గట్టిపడి ఉంది! కారణం 1938లో కానీ తేలలేదు. లోహంలో కరిగి ఉన్న రాగి పరమాణువులు మామూలు గది వేడిలోనే మెల్లగా కదిలి గుంపులు కడతాయి. లోహంలోని పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా ఆ గుంపులు అడ్డుపడతాయి. ఈ రకం రివెట్లు చల్లార్చిన వెంటనే మెత్తగా, కొట్టడానికి వీలుగా ఉంటాయి. అలాగే వదిలేస్తే గట్టిపడి, కొడితే పగులుతాయి. ఫ్రీజర్లో పరమాణువుల కదలిక మందగిస్తుంది. బయటికి తీశాక 2024 రకాన్ని పది నిమిషాల్లోపు కొట్టేయాలి. ఆ తర్వాత నాలుగు రోజులకు అది తన పూర్తి బలానికి వస్తుంది. ఈ తలనొప్పి లేని రకం రివెట్లు కూడా ఉన్నాయి, మామూలు పనికి వాడేవి అవే.

ఇంత జాగ్రత్త ఎందుకన్నదానికి జవాబు తైవాన్ జలసంధిలో ఉంది. 1980 ఫిబ్రవరిలో చైనా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 747 ఒకటి హాంకాంగ్‌లో దిగుతూ తోక కింది భాగాన్ని రన్‌వేకు రాసుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. అదే ఏడాది మేలో శాశ్వత మరమ్మతు చేశారు. మాన్యువల్ ప్రకారమైతే హద్దు మీరి గీతలు పడిన తొడుగును కోసి తీసేయాలి. అక్కడ గీతలను రుద్ది, వాటి మీదే పెద్ద పలక బిగించేశారు. కొన్ని గీతలు బయటి వరస రివెట్ల దాకా, అది దాటి కూడా వెళ్లాయి. విమానం ఎగురుతూనే ఉంది. పలక కింద, బయటికి కనబడని చోట, గీతల్లోంచి పగుళ్లు పుట్టి ఒకదానితో ఒకటి కలుస్తూ వచ్చాయి. 2002 మే 25న తైపే నుంచి హాంకాంగ్ వెళుతూ, సుమారు 35,000 అడుగుల ఎత్తులో ఆ విమానం ముక్కలైపోయింది. 225 మంది చనిపోయారు. మరమ్మతు జరిగి అప్పటికి 22 ఏళ్లు. ప్రమాదానికి ముందు ఏడాది నవంబరులో తీసిన ఫోటోల్లో ఆ పలక చుట్టూ మరకలు కనిపించాయి. కింద దెబ్బ ఉండవచ్చని చెప్పే గుర్తులవి. పాత మాసికలన్నిటినీ తిరిగి పరీక్షించే కార్యక్రమంలో ఈ పలక వంతు ఇంకా రాలేదు.

దీనికి ముందే, 1985 ఆగస్టు 12న, జపాన్ ఎయిర్‌లైన్స్ 123 విమానంలో 520 మంది పోయారు. ఒక్క విమానానికి జరిగిన ప్రమాదాల్లో ఇప్పటికీ అతి పెద్దది అదే. దాని మూలమూ తోక రాసుకోవడమే, 1978లో ఒసాకాలో. లోపల నింపిన గాలి తోక వైపు పోకుండా ఆపే, వెనక ఉండే గోపురం లాంటి గోడలో కింది సగాన్ని బోయింగ్ బృందమే మార్చింది. పాత, కొత్త సగాలు కలిసేచోట ఒకే అఖండమైన పలక పెట్టి, రెండు వరసల రివెట్లు బలం మోసేలా చేయాలి. అక్కడ పెట్టిన పలక రెండు ముక్కలుగా ఉంది. దాంతో బలం ఒక్క వరస మీదే పడింది. రివెట్లన్నీ ఉన్నాయి, వరసలూ సరిగ్గానే కనబడుతున్నాయి. ముక్కల మధ్య సందు సీలెంట్ కింద దాక్కుంది. అలా ఆ అతుకు 12,000కు పైగా ప్రయాణాలు మోసింది.

ఈ రెండు కేసులూ చదివితే నాకు తోచేది ఒకటే. రెండుచోట్లా లోహం నాసిరకం కాదు, రివెట్లు తక్కువ కాలేదు. పలక మూసేముందు కింద ఏముందో చూసి, ఇది డ్రాయింగులో ఉన్నట్టు లేదని ఎవరో ఒకరు ఆపాల్సింది. మూసేశాక పని బాగానే కనిపిస్తుంది. ఈ వృత్తిలో నైపుణ్యం అంటే చాలామంది వరుసగా, అందంగా కొట్టిన రివెట్లను చూపిస్తారు. నేనైతే సీలెంట్ పూయకముందు చేసే తనిఖీకే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇప్పుడు కింది పొరల్లోని పగుళ్లను పలక విప్పకుండానే వెతకడానికి ఎడ్డీ కరెంట్ పరికరాలున్నాయి. రేకులో సుడి తిరిగే విద్యుత్తును పుట్టించి, దాని దారికి పగులు అడ్డం వచ్చిందేమో చూస్తాయి. పాత మరమ్మతులను లెక్కగట్టి పరీక్షించాలన్న నియమాలు కూడా గట్టిపడ్డాయి. బోయింగ్ 787లో బరువు లెక్కన సగం కార్బన్ ఫైబర్ మిశ్రమాలే కాబట్టి రేకు పని అంతరిస్తుందని కొందరంటారు. మనం రోజూ ఎక్కే 737, ఎయిర్‌బస్ 320ల శరీరాలు ఇంకా అల్యూమినియంవే. వాటికి ఇప్పుడప్పుడే సెలవు లేదు.

అన్ని దెబ్బలకూ మాసిక వేయరన్నది కూడా చెప్పాలి. సొట్ట కనబడగానే మెకానిక్ దాని లోతు, వెడల్పు, దగ్గర్లోని ఫ్రేముకు ఎంత దూరంలో ఉందో కొలుస్తాడు. గీత గానీ, పగులు గానీ, వాడి మడత గానీ లేకుండా కొలతలు హద్దులో ఉంటే దాన్ని అలాగే వదిలేస్తారు. విమానంతో పాటు ఉండే సొట్టల పటంలో దాని చోటు, కొలతలు, తేదీ రాస్తారు. మర్నాడు ఇంకో ఊళ్లో ఇంకో మెకానిక్ ఆ సొట్టను చూసినప్పుడు పటం తెరిచి, అది పాతదో కొత్తదో తేల్చుకుంటాడు.