తారీఖుకి దోషం ఉండదండీ: 'చరిత్రలో ఈ రోజు' మీద అపోహలు - వాస్తవాలు

వైజాగ్ ద్వారకా నగర్‌లో గ్రూప్స్ పిల్లలకు జీకే చెబుతాను. దాంతోపాటు రోజూ 'చరిత్రలో ఈ రోజు' అని ఓ పన్నెండు బిట్లు రాసి ముందురోజు సాయంత్రమే వాట్సాప్ గ్రూపుల్లో పెడతాను, అవి అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికి పోతాయో నాకే తెలీదు. ఈసారి మే 6న గాజువాక నుంచి ఎవరో పెద్దాయన ఫోన్ చేశారు.

"మాస్టారూ, రేపటి మీ లిస్టు చూశాను. అల్లూరి సీతారామరాజుని కాల్చేసింది ఆ రోజే, మన వెంకటాపురం గ్యాస్ లీకూ ఆ రోజే. కోడలికి రేపే ఆపరేషన్ అన్నారు. ఎల్లుండికి మార్చమని అడగనా?"

డాక్టరమ్మ ఏమందని అడిగాను. ఉమ్మనీరు బాగా తగ్గిపోయింది, ఆగొద్దు అందట. ఆయన గొంతులో ఆ వణుకు లేకపోతే గట్టిగా కసిరేవాణ్ణే. ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి నాలుగైదు వస్తాయి, గృహప్రవేశం అనో, వీసా ఇంటర్వ్యూ అనో. కానీ ఆపరేషన్ వాయిదా అనేసరికి నా చేతులు చల్లబడ్డాయి.

అపోహ: ఆ తేదీన అన్నీ చెడే జరిగాయి, కాబట్టి ఆ తేదీ మంచిది కాదు.

వాస్తవం: ఆ లిస్టు రాసేది నేను. మే 7కి నా నోట్సులో నలభై పైనే ఉన్నాయి, అందులోంచి పన్నెండు ఏరాను. 1915లో లూసిటానియా ఓడ మునిగి దాదాపు 1,200 మంది పోయారని పెట్టాను. 1840లో రష్యా సంగీతకారుడు చైకోవ్‌స్కీ పుట్టాడని పెట్టలేదు, పరీక్షలో రాడు కదా అని. అంతే సంగతి. ప్రపంచంలో రోజుకి లక్షన్నర మందికి పైనే పోతారు, అంతకి రెట్టింపు మంది పుడతారు. ఏ తేదీ కింద వెతికినా ఏడవడానికి కావలసినంత దొరుకుతుంది, పండగ చేసుకోవడానికీ దొరుకుతుంది. కొయ్యూరులో 1924లో అల్లూరిని చెట్టుకి కట్టి కాల్చింది బ్రిటిష్ ప్రభుత్వ తుపాకులు. 2020లో తెల్లవారుజామున ఊరి మీద పడింది ఫ్యాక్టరీ ట్యాంకులో వేడెక్కిన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి. ఈ రెండింటికీ కారణాలున్నాయి, బాధ్యులున్నారు. తప్పుని తేదీ మీదకి తోసేస్తే వాళ్లకే హాయి.

ఆ పెద్దాయనకి ఇదంతా చెప్పే ఓపిక నాకు లేకపోయింది, వినే స్థితి ఆయనకీ లేదు. "రవీంద్రనాథ్ టాగూర్ పుట్టింది కూడా రేపే బాబూ, 1861లో" అన్నాను. "అవునా!" అని ఫోన్ పెట్టేశారు. ఆపరేషన్ అనుకున్న రోజే అయింది, మనవరాలు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెడ్డ తేదీ అన్న నమ్మకం పీకి మంచి తేదీ అన్న నమ్మకం అంటించాను, రెండూ ఒకే గింజ మొక్కలు. ముహూర్తాల మీద నాకు పేచీ లేదు, అది మీ ఇంటి వ్యవహారం. డాక్టర్ ఆగొద్దన్నప్పుడు మాత్రం నా లిస్టు తెరవకండి, దణ్ణం పెడతాను.

ఇక 26 గోల. భుజ్ భూకంపం 2001 జనవరి 26, సునామీ 2004 డిసెంబర్ 26, ముంబై వరద 2005 జులై 26, ముంబై దాడులు 2008 నవంబర్ 26. ఏటా డిసెంబర్‌లో ఈ ఫార్వర్డ్ తిరుగుతుంది, ఏటా బీచ్ రోడ్డులో ఎవరో ఒకరు భయపడతారు. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26న అని ఆ ఫార్వర్డ్‌లో ఉండదు, కార్గిల్ విజయ్ దివస్ జులై 26 అనీ ఉండదు. ఇంకో మాట, సునామీ తెచ్చిన భూకంపం మనకు ఉదయం దాదాపు ఆరున్నరకి వచ్చింది. ఆ క్షణంలో న్యూయార్క్‌లో ఇంకా 25 రాత్రి, క్రిస్మస్ భోజనాల వేళ. 26కి అంత శక్తే ఉంటే అది ఏ ఊరి 26?

అక్టోబర్ 12 దగ్గర మాత్రం మన వైజాగ్ వాళ్లని నేను తప్పు పట్టను. 2013లో ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ మన నెత్తి మీదకే వచ్చింది. 2018లో తిత్లీ శ్రీకాకుళం మీద పడింది 11న. మా వీధిలో ఒకావిడ ఏటా ఆ రోజుకి నీళ్ల డ్రమ్ములు నింపి, కొవ్వొత్తులు తెచ్చుకుని కూర్చుంటుంది. నేను నవ్వను. హుద్‌హుద్ తర్వాత పాల ప్యాకెట్టు కోసం లైన్లో నిలబడినవాణ్ణి, మా సందులో పడిన వేపచెట్టు కొమ్మలు చేత్తో లాగినవాణ్ణి. ఇక్కడ నిజంగానే ఒక కారణం ఉంది. నైరుతి వెనక్కి మళ్లే రోజులు, బంగాళాఖాతం ఇంకా వెచ్చగా ఉంటుంది, తుపాన్లు ఆ కాలంలోనే ఎక్కువ. నా బాధల్లా ఆవిడ 13వ తారీఖున డ్రమ్ములు ఖాళీ చేసేస్తుందని. సీజన్ డిసెంబర్ దాకా ఉందమ్మా! దివిసీమ ఉప్పెన నవంబర్ 19న వచ్చింది, 1977లో. తారీఖు చూడకండి, వాతావరణ కేంద్రం బులెటిన్ చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఒకే రోజు పుట్టినవాళ్లకి ఒకే జాతకం అంటారు. మా బ్యాచ్‌లో 40 మంది ఉంటే ఇద్దరికైనా ఒకే పుట్టినరోజు ఉండే అవకాశం 89 శాతం, 23 మంది ఉన్నా సగానికి పైనే. ప్రతి బ్యాచ్‌లో చేతులెత్తించి చూస్తాను. మొన్న దొరికిన జంటలో ఒకడు ఫస్టు, ఇంకొకడు మూడు వారాలుగా క్లాసుకే రావట్లేదు.

నేవీ డే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినందుకు అనుకుంటారు. ఈ తప్పు బయటి జిల్లాల పిల్లలకంటే వైజాగ్ పిల్లలే ఎక్కువ చేస్తారు, ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం చూస్తూ పెరిగారు మరి. ఘాజీ మన తీరంలో మునిగింది 1971 డిసెంబర్ 3 రాత్రి తెల్లారితే 4. నేవీ డే జరిపేది 4 రాత్రి కరాచీ మీద నిపత్, నిర్ఘాత్, వీర్ అనే క్షిపణి బోట్లు చేసిన దాడికి, ఆపరేషన్ ట్రైడెంట్‌కి. నెగటివ్ మార్కు పడ్డాక నాతో వాదించకండి.

నాలుగు గ్రూపుల్లో ఒకే తేదీ ఉంటే కరెక్టే అనుకుంటారు. ఘంటసాల పుట్టింది కూడా డిసెంబర్ 4నే, 1922లో. ఓ ఏడాది వేలు జారి 1932 అని కొట్టాను. సాయంత్రానికి అదే తప్పు నాలుగు గ్రూపుల్లోంచి నాకే తిరిగొచ్చింది, ఒకదాని కింద వేరే మాస్టారి పేరు కూడా ఉంది.

షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1616 ఏప్రిల్ 23న ఒకేరోజు పోయారన్నది కూడా అంతే. అప్పటికి ఇంగ్లండ్ పది రోజులు వెనకుండే పాత క్యాలెండర్‌లో ఉంది, స్పెయిన్ కొత్తదాంట్లో. స్పెయిన్ లెక్కలో షేక్‌స్పియర్ పోయింది మే 3.

చివరిగా, సర్టిఫికెట్‌లో ఉన్నదే పుట్టినరోజు అనుకోవడం. టాగూర్‌కి బెంగాల్లో వేడుక చేసేది వాళ్ల వైశాఖం 25న, అది సాధారణంగా మే 8కో 9కో వస్తుంది. మా నాన్నది ఇంకా విచిత్రం. బళ్లో వేసినప్పుడు పంతులుగారు రాసేసిన తేదీ జులై 1, ఆయన ఈడు వాళ్లలో సగం మందికి అదే. పేరున్న డాక్టర్ బీసీ రాయ్ పుట్టిందీ పోయిందీ జులై 1నే, అందుకే డాక్టర్స్ డే అని చెబితే "ఆయనకీ మా పంతులే రాశాడేమో" అంటాడు. ఆ రోజు బ్యాంకు నుంచి శుభాకాంక్షల మెసేజ్ వస్తుంది, చదివి పక్కన పెడతాడు. నాన్న అట్లతద్ది మర్నాడు పుట్టాడని నానమ్మ చెప్పేది. అమ్మ పాయసం ఆ రోజే చేస్తుంది.