పియోనీకి చలి, మల్లెకు బెట్ట

పియోనీ పువ్వు ఫొటో చూసి మనసు పారేసుకోనివాళ్లు తక్కువ. విచ్చుకుంటే అరచేయంత వెడల్పు, లోపల పొరలు పొరలుగా రేకులు. దుంపలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కాబట్టి విజయవాడలో డాబా మీద ఒక కుండీ పెడదామని ఎవరికైనా ఆశ పుడుతుంది. దయచేసి ఆ ఖర్చు పెట్టుకోకండి. మట్టి మార్చుకోవచ్చు, ఎరువు తెచ్చుకోవచ్చు. ఆ మొక్క అడిగే చలిని మాత్రం కృష్ణ ఒడ్డుకి తేలేం.

పియోనీ చలిదేశాల మొక్క. మన దేశంలోనూ ఒక జాతి ఉంది. కశ్మీర్ నుంచి ఉత్తరాఖండ్ దాకా హిమాలయాల అడవుల్లో తెల్లగా పూస్తుంది. చలికాలం వచ్చేసరికి దాని కాడలు, ఆకులు పూర్తిగా ఎండిపోతాయి. నేలలో లావుపాటి వేరుదుంప, దాని తల మీద ఎర్రటి మొగ్గలు మాత్రం మిగులుతాయి. ఆ మొగ్గల్ని కళ్లు అంటారు. నడిచలికాలంలో నాలుగు రోజులు ఎండ కాసినా అవి మొలకెత్తవు. తొందరపడితే ఆ తర్వాత పడే మంచుకి మాడిపోతాయి మరి. అందుకే ఎదుగుదలను ఆపి ఉంచే అబ్సిసిక్ ఆమ్లం వాటిలో పేరుకుని ఉంటుంది. సుమారు 5 డిగ్రీల చలి వారాల తరబడి తగిలితేనే అది తగ్గుతుంది. జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, వేరులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, అప్పుడు కన్ను కదులుతుంది. మనకు సంక్రాంతి చలిలో కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపించినా, ఆ తర్వాత మన మే నెల ఎండకి అది ఆగలేదు.

చలిదేశాల్లో పియోనీని ఒకచోటి నుంచి తవ్వి ఇంకోచోట నాటేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఆకు పని అయిపోయి, మొక్క విశ్రాంతికి వెళ్లే సమయం అది. మూడు నుంచి ఐదు కళ్లున్న ముక్కలుగా దుంపను కోసి, కళ్లు మట్టిలో రెండు అంగుళాలు మించి దిగకుండా నాటుతారు. ఇంకా లోతుగా పోతే ఏపుగా ఆకులేస్తుంది కానీ పూయదు. సరిగ్గా నాటినా మంచి పూత రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఒకసారి కుదురుకుంటే యాభై ఏళ్లు దాటి బతుకుతుంది.

విశ్రాంతిలో ఉన్నప్పుడే కదపాలన్న ఈ సూత్రం మన మల్లెకీ పనికొస్తుంది. అయితే మల్లెకి విశ్రాంతినిచ్చే చలి మన దగ్గర లేదు. ఆ లోటును మన రైతులు బెట్టతో తీర్చారు. చలికాలం మొదట్లో మల్లె తోటలకు నీళ్లు ఆపేస్తారు. ఆకు దూసేస్తారు, కొందరు గొర్రెల్ని తోలి ఆకంతా మేపేస్తారు. తర్వాత కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, మళ్లీ తడి ఇస్తారు. గుండుమల్లె పూసేది కొత్త చిగుళ్ల కొసల్లోనే. అన్ని కొమ్మలూ ఒకేసారి చిగురిస్తే ఒకేసారి మొగ్గ తొడుగుతాయి. వేసవిలో విజయవాడ బీసెంట్ రోడ్డులో మూరలకొద్దీ కొలిచే దండల వెనుక ఇంత పని ఉంది. ప్రయోగశాలలేవీ లేకుండా, మొక్కను చూసి చూసి నేర్చిన ఈ విద్యంటే నాకు చాలా గౌరవం.

ఇంట్లో మల్లె పొదను చోటు మార్చాలన్నా ఆ కత్తిరింపుల సమయమే మేలు. పెళ్లగించిన వేరును దగ్గరగా చూడండి. నీరు తాగేది గోధుమరంగు లావు వేళ్లు కాదు, తెల్లటి కొసల దగ్గర మట్టిని అంటిపెట్టుకున్న నూగు. అందులో ఒక్కో పోగూ ఒక్క కణం నుంచి పొడుచుకొచ్చిందే. తవ్వేటప్పుడు చాలావరకు తెగిపోతుంది. పైన ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీరు ఆవిరి చేస్తుంటాయి. మొక్క వాడిపోయేది అందుకే. పై కొమ్మలు సగానికి కత్తిరించి, మట్టిగడ్డతో సహా తీసి, సాయంత్రం పూట నాటి, వారం రోజులు నీడ కట్టాలి. మట్టి తడిగా ఉండాలే తప్ప నీళ్లు నిలవకూడదు. ఊపిరాడక కొత్త వేరు కుళ్లిపోతుంది.

గుంటూరు వైపు నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అదే కారణం అయ్యుంటుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి ఎండ తగ్గాక ఆకుల మీద కొట్టండి. వారం తర్వాత మరోసారి కొడితే కొత్తగా వచ్చే ఆకు పచ్చబడుతుంది.