గుంత కనపడదు, దాని నీడ కనపడుతుంది

పోయిన చలికాలంలో ఒక రాత్రి అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం పోతూ సైకిలుతో సహా గుంతలో పడ్డాను. పైపు కోసం తవ్వి, సగం పూడ్చి వదిలేసిన గుంత. జానెడు లోతు కూడా లేదు. మోకాలు గీరుకుపోయింది, ముందు చక్రం రిమ్ము వంకర పోయింది. విచిత్రం ఏమిటంటే నేను కొత్త లైటు కొన్నది ఆ రోజే. నుదుటికి పట్టీతో కట్టుకునే రకం, డబ్బా మీద 1000 ల్యూమెన్లు అని రాసుంది. రోడ్డంతా తెల్లగా వెలిగిపోతోంది. అంత వెలుగులో, కళ్ళు తెరుచుకునే, నేరుగా పోయి పడ్డాను.

మర్నాడు రిమ్ము సరిచేస్తూ సైకిల్ షాపాయన నవ్వాడు. "ఏం సార్, బాయిలో దిగేటోని మాదిరి నెత్తిన లైటు కట్టుకోని తిరుగుతాండారు? కిందికి కట్టుకోండి. పాత డైనమో లైట్లు యాడుండేవి? హ్యాండిలు కింద కదా. ఊరికే పెట్టింటారా?" కారణం మాత్రం ఆయన చెప్పలేదు. అది వెతుక్కుంటూ పోతే చంద్రుడి దాకా పోవాల్సి వచ్చింది.

పౌర్ణమి చంద్రుణ్ణి బైనాక్యులర్‌తో చూస్తే నిరాశే. సున్నం కొట్టిన పళ్ళెంలా ఉంటుంది, గుంతలు పెద్దగా తెలియవు. అదే అష్టమి నాడు చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత పొడవునా గుంతలు, గుట్టలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనపడతాయి. 1609లో గెలీలియో టెలిస్కోపుతో చూసింది ఆ గీతనే. అక్కడి నీడలూ, చీకటి వైపు మెరిసే చుక్కలూ చూసే చంద్రుడి మీద కొండలున్నాయని గ్రహించాడు, వాటి ఎత్తు కూడా లెక్కగట్టాడు. పౌర్ణమి నాడు ఆ కొండలు ఎక్కడికీ పోవు. సూర్యుడు మన వీపు వైపు ఉంటాడు కాబట్టి ప్రతి నీడా దాన్ని పడేసిన కొండ వెనకే దాక్కుంటుంది. వెలుగు వచ్చే దారీ మనం చూసే దారీ ఒకటే అయితే నీడ కంట పడదు. నుదుటి మీద లైటుతో ఆ రాత్రి నేను చేసిందీ అదే. రోడ్డును పౌర్ణమి చంద్రుణ్ణి చేసుకున్నాను.

దీన్ని లెక్కలో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 10 మీటర్ల ముందు 5 సెంటీమీటర్ల లోతు గుంత ఉందనుకుందాం. సైకిలు మీద కూర్చున్న మనిషి కళ్ళు నేల నుంచి సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటాయి. అక్కడి నుంచి చూస్తే గుంత అడుగులో మొదటి 33 సెంటీమీటర్లు ఇవతలి అంచు చాటున పోతాయి. ఇప్పుడు లైటును 1 మీటరు ఎత్తున, అంటే హ్యాండిలు దగ్గర పెడితే, ఆ అంచు నీడ గుంతలో 50 సెంటీమీటర్ల దాకా పాకుతుంది. చాటున పోయింది తీసేస్తే 17 సెంటీమీటర్ల నల్లటి పట్టీ మన కంటికి దొరుకుతుంది. లైటు ఇంకా కిందికి, ఫోర్కు దగ్గర 70 సెంటీమీటర్ల ఎత్తుకు దించితే నీడ 71 సెంటీమీటర్లు, కనపడేది 38. అదే నుదుటి మీద పెడితే నీడ 31 సెంటీమీటర్లే. చాటున పోయే 33లోనే అదీ కలిసిపోతుంది. మిగిలేది సున్నా. ల్యూమెన్లు వెయ్యయినా పదివేలైనా ఆ సున్నా మారదు.

నీడలకు అలవాటు పడ్డాక రోడ్డును చదవడం కూడా వస్తుంది. ముందు నలుపు, దాని వెనక తెల్లటి అంచు ఉంటే అది గుంత. లైటుకు ఎదురుగా ఉండేది గుంత అవతలి గోడ కాబట్టి అది మెరుస్తుంది. ముందు తెలుపు, వెనక నలుపు ఉంటే మిట్ట, అంటే ఎవరో రాత్రికి రాత్రి వేసిన, పెయింటు లేని స్పీడ్ బ్రేకర్. ఎదురుగా లారీ వచ్చిందంటే మాత్రం ఈ గుర్తులన్నీ తలకిందులే. వెలుగు అటు నుంచి వస్తుంది కాబట్టి గుంత మిట్టలా, మిట్ట గుంతలా అనిపిస్తుంది. చంద్రుడి ఫొటోను తిప్పిపెడితే గుంతలన్నీ బొబ్బల్లా కనపడతాయే, అదే మాయ.

అలాగని లైటును చక్రం ఇరుసు దాకా దించకూడదు. నేను అదీ చేసి చూశాను. కంకర పలుకు కూడా మూరెడు నీడ వేస్తుంది. ఎక్కడ చూసినా గుంతలే అనిపించి, రెండు కిలోమీటర్లు పోయేసరికి టెన్షన్‌తో భుజాలు బిగుసుకుపోయాయి. ఇప్పుడు హ్యాండిలుకు జానెడు కింద స్థిరపడ్డాను.

డబ్బా మీది ల్యూమెన్ల గురించి కూడా ఒక మాట. ల్యూమెన్ అంటే లైటు మొత్తంగా కుమ్మరించే వెలుగు. రోడ్డు మీద ఒక చదరపు మీటరులో ఎంత పడిందో చెప్పేది లక్స్. మనకు కావాల్సింది అదే, డబ్బా మీద దాదాపు ఎప్పుడూ ఉండనిదీ అదే. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని బడిలో చదువుకున్నాం. రోడ్డు విషయంలో ఇది ఇంకా ఘోరం. దూరం పోయేకొద్దీ వెలుగు మరీ ఏటవాలుగా పడి పలచబడుతుంది. 5 మీటర్ల దగ్గర పడేదాంట్లో 10 మీటర్ల దగ్గర పడేది ఎనిమిదో వంతే. అందుకే చక్రం ముందర వెలిగిపోయేలా లైటును కిందికి వంచుకోవడం తప్పు. దగ్గరి వెలుగుకు కళ్ళు అలవాటు పడిపోయి, దూరం మరింత నల్లబడుతుంది. దగ్గర కనపడీ లాభం లేదు. గంటకు 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5 మీటర్లు. గుంతను చూసి, పోల్చుకుని, బ్రేకు పట్టేసరికి సెకనున్నర పోతుంది, బండి ఆగేసరికి 10, 11 మీటర్లు అయిపోతాయి. దిగుడులో 30 మీద పోతుంటే 20 మీటర్లు దాటుతుంది.

ఎదుటి లైటు కళ్ళలో కొడితే ఏమవుతుందో అందరికీ అనుభవమే. మన కంట్లో పగటి చూపుకు శంకు కణాలు సుమారు 60 లక్షలు, మసక చూపుకు దండ కణాలు సుమారు 12 కోట్లు ఉంటాయి. శంకు కణాలు తొందరగానే తేరుకుంటాయి. దండ కణాలు పూర్తిగా కోలుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, వాటిలోని రోడాప్సిన్ అనే రంగు పదార్థం మళ్ళీ తయారు కావాలి. (దీనికి విటమిన్ ఏ కావాలి. రేచీకటికి మునగాకు తినమనేది ఇందుకే.) డిప్పర్ కొట్టని లారీ దాటిపోయాక 4 సెకన్లు ఏమీ తెలియలేదంటే 20 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. అందుకని నేను ఎదుటి లైటును చూడకుండా రోడ్డు ఎడమ అంచు పట్టుకుని పోతాను, ఒక కన్ను మూసుకుంటాను. రెండు కళ్ళూ వేటికవే చీకటికి అలవాటు పడతాయి కాబట్టి మూసిన కన్ను కొంత పనికొస్తుంది.

వాన పడితే మాత్రం నీడల పాఠం పనిచేయదు. నీటి పొర అద్దంలా మన వెలుగును ముందుకే తోసేస్తుంది, కంటికి తిరిగి రాదు. రోడ్డంతా నలుపే, నిండిన గుంతా నలుపే. వాన అపురూపమైన ఊళ్ళో ఉన్నాం కాబట్టి ఈ బాధ ఏడాదికి కొన్ని రాత్రులే.

మా దారిలో అసలు భయం గుంతలు కాదు, రాళ్ళు. పంట కోతలయ్యాక రోడ్డు మీద కందులో రాగులో ఆరబోసి చుట్టూ గుండ్లు పేరుస్తారు. సాయంత్రం పంట ఎత్తుకుపోతారు, గుండ్లు అక్కడే ఉంటాయి. కళ్ళాలు లేని రైతును ఏమనగలం? తాడిపత్రి బండల లారీ దారిలో ఆగిపోతే టైర్ల కింద రాళ్ళు, వెనకాల చెట్టుకొమ్మలు పెడతారు. లారీ బాగై వెళ్ళిపోతుంది, రాళ్ళూ కొమ్మలూ మిగులుతాయి. తారు రంగులోనే ఉండే ఈ రాళ్ళను నీడే పట్టిస్తుంది.

అయితే నుదుటి లైటును పారేయలేదు, వెలుగు బాగా తగ్గించి ఇప్పటికీ కట్టుకుంటున్నాను. కుక్క, ఆవు, బర్రె కంట్లో రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. వచ్చిన వెలుగును అది వచ్చిన దిక్కుకే తిప్పికొడుతుంది. లైటు మన కంటి పక్కనే ఉంటే ఆ మెరుపు నేరుగా మనకే చేరుతుంది. మైలురాళ్ళ మీది రిఫ్లెక్టర్లూ అంతే. నల్లటి బర్రె ఒళ్ళు వెలుగును మింగేస్తుంది, కానీ అది ఇటు తల తిప్పిందంటే 50 మీటర్ల నుంచే రెండు పచ్చటి చుక్కలు కనపడతాయి. గుంతను దాచిన లైటే బర్రెను పట్టిస్తుంది.

పందికి మాత్రం ఆ పొర లేదు. మన మాదిరే. ఊరి మొదట్లో కాలువ పక్కన రోడ్డు మీద పడుకునే పందులు మట్టి పూసుకుని మట్టి రంగులోనే ఉంటాయి, తల ఎత్తి చూసినా కళ్ళు మెరవవు. అక్కడికి రాగానే బెల్లు కొట్టుకుంటూ, కాలు నేలకు ఆనించుకుంటూ పోతాను. బెల్లు కొట్టినంత మాత్రాన అవి లేస్తాయని కాదు.