ఎల్లైసీ బిల్డింగు, మీ "ఇంతేనా"

పిల్లలూ,

మొన్న మద్రాసులో మెట్రో దిగి పైకి రాగానే ఎల్లైసీ బిల్డింగు చూసి "తాతయ్యా, ఇంతేనా?" అన్నారు కదా, అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. మీ అపార్ట్‌మెంటే ఇరవై అంతస్తులు, మీ కంటికి ఎల్లైసీ ఆనదు, ఒప్పుకుంటాను.

కానీ 1959లో మొరార్జీ దేశాయ్ దాన్ని ప్రారంభించిననాడు దేశంలో అంత ఎత్తు భవనం ఇంకోటి లేదు. 177 అడుగులు. తర్వాత బొంబాయి దాటేసిందనుకోండి. సినిమావాళ్ళు హీరో మద్రాసు వచ్చాడని చెప్పాలంటే సెంట్రల్ స్టేషనో, ఈ ఎల్లైసీనో చూపించేవాళ్ళు, అంతే, ఇంకో మాట అక్కర్లేదు.

అసలు దీన్ని మొదలుపెట్టింది ఎల్లైసీ కాదు, అప్పటికి ఎల్లైసీయే లేదు. ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ తన యునైటెడ్ ఇండియా బీమా కంపెనీ కోసం తలపెట్టాడు, లండన్ ఆర్కిటెక్టులు బ్రౌన్, మౌలిన్ ప్లాన్ గీశారు. 1954లో సింగపూర్‌లో విమానం కూలి చెట్టియార్ పోయాడు. 1956లో ప్రభుత్వం రెండొందల పైచిలుకు బీమా కంపెనీలను కలిపి ఎల్లైసీ పెట్టడంతో ఈ కట్టుబడి కూడా వాళ్ళ చేతికొచ్చింది. లండన్ వాళ్ళు మధ్యలో తప్పుకుంటే మద్రాసు ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితాలే పూర్తిచేశాడు. అంటే గృహప్రవేశం నాటికి ముగ్గు పోయించినవాడు లేడు, ప్లాను గీసినవాళ్ళూ లేరు.

ఇక కట్టిన పద్ధతి చూడండి. మద్రాసు పాత భవనాలు ఇటుక, సున్నంతో కట్టినవి, బరువంతా గోడలే మోస్తాయి. ఎత్తు పెంచేకొద్దీ కింద గోడ లావెక్కాలి, అలా పద్నాలుగు అంతస్తులు లేపితే కింద గోడే తప్ప గది మిగలదు! ఎల్లైసీ కాంక్రీటు స్తంభాల మీద లేచింది. మనూళ్ళో పెళ్ళిపందిరి గుర్తు తెచ్చుకోండి, బరువు మోసేది గుంజలు, చుట్టూ కట్టే తడికలు ఎండ ఆపడానికే. ఇదీ అంతే. 1975లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది, అయినా బాగుచేసుకుని మళ్ళీ అందులోనే ఆఫీసు నడుపుతున్నారు.

నేను మొదటిసారి చూసింది తొమ్మిదేళ్ళప్పుడు, నెల్లూరు నుంచి వచ్చి టీనగర్‌లో మామయ్య ఇంట్లో దిగాం. తమిళవాళ్ళు దీన్ని "పదినాలు మాడి", అంటే పద్నాలుగు అంతస్తులు, అంటుంటే నిజమో కాదో తేల్చుకుందామని మౌంట్ రోడ్డు అవతల నిలబడి, మెడ విరిచి, వేలితో లెక్కపెట్టాను. మూడుసార్లూ పదమూడే వచ్చాయి. ఒక అంతస్తు తక్కువ కట్టి జనాన్ని మోసం చేస్తున్నారని గట్టిగా అరిస్తే మామయ్య నెత్తిన మొట్టికాయ వేసి, "గుమ్మం ఉన్న ఆ కింది అంతస్తు ఎవడు లెక్కపెడతాడ్రా?" అన్నాడు.

మీ తాతయ్య