పాత కారుకి నీటి గండం: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో పాత కార్లు బాగుచేయడమే నా పని. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఉన్నవాటినే కాపాడుకోవాలి. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలా కార్లకి ఇంజిన్ ఇంకా ఏళ్ల తరబడి లాగేలా ఉంటుంది. వాటిని పాడుచేసేది ఎక్కువగా నీళ్లే. అయినా రోజూ ఈ మాటలే వింటుంటాను.

అపోహ: మనకి మంచు కురవదు కదా, కూలెంట్ ఎందుకు? నీళ్లు చాలు.

వాస్తవం: కూలెంట్ అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లలో కలిపే ద్రవం. దాని వల్ల నీళ్లు త్వరగా మరగవు, లోపల తుప్పు పట్టదు. మన ఎండలకి కావలసినవి ఈ రెండే. బోరు నీళ్లు పోస్తే గిన్నె అడుగున పట్టే తెల్లటి గారే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది.

ఈమధ్య 2004 మోడల్ 800 ఒకటి వచ్చింది. ఎండలో వేడెక్కిపోతోందన్నారు. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీస్తే నీళ్లు చింతపండు పులుసు రంగులో ఉన్నాయి. మూత రబ్బరు వేలితో తాకగానే పొడిపొడిగా రాలింది. ఆ మూత ఒత్తిడిని పట్టి ఉంచకపోతే నీళ్లు ఇంకా తొందరగా మరుగుతాయి. లోపల విప్పితే, ఇంజిన్ వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ లేదు, ఎవరో పీకేశారు. అది తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందన్నది ఇంకో అపోహ. చాలా కార్లలో ఇంజిన్ 80-90 డిగ్రీల దగ్గర నడవాలి. అంత వేడి అందకపోతే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదలా పెరుగుతుంది. రేడియేటర్ శుభ్రం చేసి, థర్మోస్టాట్, మూత కొత్తవి వేసి, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కూలెంట్ కలిపి పోశాం. ఆ ఇంజిన్‌కి ఇంకే జబ్బూ లేదు.

అపోహ: షెడ్డులో పెట్టి వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలు.

వాస్తవం: పెట్రోల్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. సైలెన్సర్ బాగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ ఆవిరి అక్కడే నీరై నిలిచి, రేకును లోపలి నుంచి తినేస్తుంది. బ్యాటరీ కూడా సరిగా చార్జ్ అవదు. వారానికి ఓ 15 కిలోమీటర్లు రోడ్డు మీద నడపండి. నాన్నగారి కారు అమ్మబుద్ధి కావడం లేదని అమెరికా నుంచి ఫోన్ చేసేవాళ్లకీ ఇదే చెబుతాను. తాళాలు నమ్మకమైన మనిషికి ఇచ్చి తిప్పించండి.

అపోహ: కారు అడుగున కోటింగ్ వేయించాం, ఇక తుప్పు పట్టదు.

వాస్తవం: తడి మీద, పాత తుప్పు మీద కోటింగ్ వేస్తే దాని కింద తుప్పు పెరుగుతూనే ఉంటుంది. పైగా తలుపులు లోపలి నుంచి పాడవుతాయి. అద్దం పక్క నుంచి దిగిన వాన నీళ్లు పోవడానికి తలుపు కింది అంచున చిన్న కన్నాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి. తలుపు వేసినప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే, చీపురు పుల్లతో ఆ కన్నాలు పొడిచి చూడండి, బురద నీళ్లు కారతాయి. వానాకాలం ముందు పది నిమిషాల పని ఇది. ఇక తడి కారు మీద ప్లాస్టిక్ కవర్ మాత్రం కప్పకండి.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. అరకు ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తగా లోపలికి పోయిందంటే చాలాసార్లు కారణం ఇలా ఆయిల్ మరగడమే. రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి. ఆయిల్ తగ్గుతోందంటే బ్రేక్ ప్యాడ్లు అరిగాయో, ఎక్కడైనా కారుతోందో ముందు చూడాలి.

అపోహ: 15 ఏళ్లు దాటితే కారు తుక్కుకే.

వాస్తవం: ఢిల్లీలో పాత కార్ల మీద ఆంక్షల వార్తలు చూసి చాలామంది భయపడుతున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత కారు ఫిట్‌గా ఉంటే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవచ్చు. గడువుకి 60 రోజుల ముందు నుంచే రెన్యువల్ దరఖాస్తు, అంటే ఫారం 25 పెట్టుకోవచ్చు. ఆ రెండు నెలల్లో బ్రేకులు, లైట్లు, కాలుష్యం సర్టిఫికెట్, కింద తుప్పు అన్నీ చూపించుకుని మరీ వెళ్లండి.