బర్నార్డ్ నక్షత్రం: దొరికాయనుకున్న గ్రహాలు, దొరికిన గ్రహాలు

బర్నార్డ్ నక్షత్రం చుట్టూ నాలుగు చిన్న గ్రహాలు తిరుగుతున్నాయని 2025 మార్చిలో షికాగో విశ్వవిద్యాలయ బృందం ప్రకటించింది. సౌరకుటుంబం బయట గ్రహం దొరకడం ఇప్పుడు కొత్త కాదు. అలాంటివి వేలల్లో ఉన్నాయి. అయినా ఈ నక్షత్రం మాట వచ్చేసరికి ఖగోళ శాస్త్రవేత్తలు ముందుగా అడిగేది ఒకటే: ఈసారైనా నిజమేనా? ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. ఇక్కడ గ్రహం ఉందని అంతకుముందు రెండుసార్లు గట్టిగా చెప్పారు. రెండుసార్లూ అది నిలబడలేదు.

సర్పధారి నక్షత్రమండలంలో మనకు సుమారు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉందీ నక్షత్రం. ఆల్ఫా సెంటారీ కూటమిలోని మూడు నక్షత్రాల తర్వాత సూర్యుడికి అతి దగ్గరిది ఇదే. ఇంత దగ్గరున్నా మామూలు కంటికి ఆనదు. సూర్యుడి ద్రవ్యరాశిలో ఆరో వంతు మాత్రమే ఉన్న, మందంగా వెలిగే ఎర్ర మరుగుజ్జు తార. 1916లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ పాత ఫొటో ప్లేట్లను కొత్తవాటితో పోల్చి చూస్తుంటే, ఈ చుక్క ఉన్నచోట లేకుండా జరిగిపోయి కనిపించింది. మన ఆకాశంలో ఇంత వేగంగా స్థానం మారే నక్షత్రం మరొకటి లేదు. దాదాపు 180 ఏళ్లలో చందమామ వెడల్పంత దూరం జరుగుతుంది.

గ్రహాల వేటకు ఇది బాగా అనువైన నక్షత్రం. గ్రహం ఉంటే దాని ఆకర్షణకు నక్షత్రం కూడా కాస్త అటూ ఇటూ ఊగుతుంది. నక్షత్రం ఎంత తేలికైతే ఆ ఊపు అంత పెద్దది, ఎంత దగ్గరైతే అంత స్పష్టం. తిన్నగా సాగాల్సిన దారి సన్నని అలలా వంకర తిరిగితే, పక్కన కనపడనిది ఏదో ఉన్నట్టే.

ఆ అల కోసమే డచ్ శాస్త్రవేత్త పీటర్ వాన్ డి కాంప్ జీవితంలో పెద్ద భాగం ధారపోశాడు. అమెరికాలోని స్వార్త్‌మోర్ కాలేజీకి చెందిన స్ప్రౌల్ అబ్జర్వేటరీకి ఆయన డైరెక్టర్. 24 అంగుళాల లెన్స్ టెలిస్కోప్‌తో 1938 నుంచి ఈ నక్షత్రాన్ని ఫొటోలు తీయిస్తూ వచ్చాడు. రెండు వేలకు పైగా ప్లేట్లు పోగుపడ్డాయి. ఆయన వెతుకుతున్న ఊపు ప్లేటు మీద ఎంతనుకున్నారు? ఇంచుమించు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒకరి కంటి పొరపాటు ఫలితాన్ని చెడగొట్టకూడదని ఒకే ప్లేటును పలువురి చేత కొలిపించి సగటు తీసేవాడు. అంత జాగ్రత్తపడ్డాక 1963లో చెప్పాడు: అక్కడ గురుడి ద్రవ్యరాశికి ఒకటిన్నర రెట్లు పైబడిన గ్రహం ఉంది, 24 ఏళ్లకోసారి చుట్టి వస్తోంది. 1969లో లెక్క సవరించి, గ్రహాలు రెండు ఉండొచ్చన్నాడు.

ప్రపంచం నమ్మింది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 1970లలో బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ మనుషుల్లేని నక్షత్రనౌకకు ‘డేడలస్’ పేరుతో నమూనా గీసినప్పుడు గమ్యంగా ఎంచుకున్నది కూడా ఈ నక్షత్రాన్నే.

1973లో రెండు వైపుల నుంచి దెబ్బ తగిలింది. జార్జ్ గేట్‌వుడ్, హైన్రిక్ ఐక్‌హార్న్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు వేరే టెలిస్కోప్‌ల ప్లేట్లు తీసుకుని యంత్రంతో కొలిచారు. ఊపు జాడే లేదు. రెండో దెబ్బ సొంత అబ్జర్వేటరీ నుంచే వచ్చింది. అక్కడే పనిచేసే జాన్ హెర్షీ అదే టెలిస్కోప్‌తో తీసిన మరో నక్షత్రం ప్లేట్లు పరిశీలించాడు. బర్నార్డ్ నక్షత్రం ఏయే ఏళ్లలో జరిగినట్టు కనిపించిందో, అదీ ఆయా ఏళ్లలోనే జరిగినట్టు కనిపించింది. సంబంధం లేని రెండు నక్షత్రాలు కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఊగవు కదా. 1949లో లెన్స్‌ను పట్టి ఉంచే చట్రం మార్చారు, 1957లో లెన్స్‌ను సర్దారు. జరుగుళ్లు సరిగ్గా అక్కడే పడ్డాయి. అంటే ఊగింది నక్షత్రం కాదు, టెలిస్కోప్.

నన్నడిగితే ఈ చరిత్ర మొత్తంలో అతి విలువైన పని హెర్షీదే. ‘గ్రహం లేదు’ అని చెప్పి ఊరుకోలేదు, లేని గ్రహం ఎలా కనిపించిందో కూడా చూపించాడు. పక్క నక్షత్రాన్ని కూడా కొలిచి చూడాలన్న ఆ ఆలోచన లేకపోతే వాదన ఇంకెన్నేళ్లు సాగేదో.

వాన్ డి కాంప్ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. 1995 మేలో కన్నుమూశాడు. అదే ఏడాది అక్టోబరులో ఖగోళ శాస్త్రవేత్తలు మిషెల్ మేయర్, డిడియే కేలో 51 పెగాసి అనే నక్షత్రం చుట్టూ గ్రహాన్ని కనిపెట్టామని ప్రకటించారు. సూర్యుడి లాంటి మరో నక్షత్రానికి గ్రహం ఉందన్న వార్త వినడానికి ఆయన మరో ఐదు నెలలు ఉండి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆయన పట్టుకున్న మూల సూత్రంలో తప్పు లేదు. పరికరమే ఆ సున్నితత్వానికి చాలలేదు.

51 పెగాసి దగ్గర వాడిన పద్ధతి వేరు. ప్లేటు మీద స్థానం కొలవరు, నక్షత్ర కాంతిని వర్ణపటంగా విడదీస్తారు. నక్షత్రం మన వైపు వస్తుంటే అందులోని గీతలు నీలం వైపు, దూరమవుతుంటే ఎరుపు వైపు కాస్త జరుగుతాయి. ఆ జరుగుడు నుంచి వేగం తెలుస్తుంది. ఈ పద్ధతితోనే 2018 నవంబరులో ఇగ్నాసి రిబాస్ బృందం, బర్నార్డ్ నక్షత్రానికి 233 రోజులకోసారి తిరిగే గ్రహం ఉందని ప్రకటించింది. కనీసం భూమికి మూడు రెట్ల ద్రవ్యరాశి అన్నారు. వెనకున్నది ఏడు పరికరాలు, 771 కొలతలు, ఇరవై ఏళ్ల సమాచారం.

అదీ మూడేళ్లు నిలవలేదు. ఈసారి తప్పు టెలిస్కోప్‌ది కాదు, నక్షత్రానిదే. తన చుట్టూ తాను తిరగడానికి అది దాదాపు 145 రోజులు తీసుకుంటుంది. ఉపరితలం మీది మచ్చలు దానితో పాటు తిరుగుతూ గీతలను కొద్దిగా కదిలిస్తాయి. పైగా ఏడాదిలో కొన్ని నెలలు సూర్యుడి వెలుగులో నక్షత్రం మరుగున పడి పరిశీలన ఆగిపోతుంది. ఈ 145 రోజుల లయా, ఏడాది లయా కలిసి 233 రోజుల దగ్గర లేని గ్రహాన్ని సృష్టించాయని 2021లో జాక్ లూబిన్ బృందం తేల్చింది.

ఇంత జరిగాక వచ్చిన కొత్త ఫలితాన్ని ఎందుకు నమ్మాలి? 2024 అక్టోబరులో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌కు అమర్చిన ఎస్ప్రెసో పరికరంతో స్పెయిన్ శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందం ఒక గ్రహాన్ని, మరో మూడింటి ఆనవాళ్లను పట్టింది. వెంటనే ‘నాలుగు’ అనలేదు, ఒక్కదాన్నే ప్రకటించి మిగతావాటిని అనుమానితులుగానే ఉంచింది. ఈ నక్షత్రం నేర్పిన జాగ్రత్త అది. తర్వాత హవాయిలోని జెమిని నార్త్ టెలిస్కోప్ మీద మరూన్-ఎక్స్ అనే వేరే పరికరంతో, రిత్విక్ బసంత్ ముఖ్య రచయితగా ఉన్న షికాగో బృందం 112 రాత్రుల కొలతలు తీసింది. ఆ నాలుగింటిలో మూడు ఇందులోనూ కనిపించాయి. రెండు సమాచారాలు కలిపితే నాలుగోదీ ఖాయమైంది. వాటిలో అతి చిన్నది నక్షత్రాన్ని సెకనుకు 22 సెంటీమీటర్ల వేగంతో కదుపుతోంది. మనిషి నింపాదిగా నడిచినా అంతకంటే వేగంగానే నడుస్తాడు. 6 కాంతి సంవత్సరాల అవతల ఆ కదలికను పట్టుకున్నారంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నాలుగూ భూమి కన్నా బాగా తేలికైనవి. కనీస ద్రవ్యరాశి భూమిలో 19 నుంచి 34 శాతం. రెండు రోజుల పైచిలుకు నుంచి ఏడు రోజుల లోపే చుట్టు పూర్తి చేస్తాయి. నక్షత్రానికి అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి నీళ్లు నిలవలేనంత వేడి. నీళ్లు నిలవగల దూరంలో భూమి ద్రవ్యరాశిలో సుమారు 60 శాతానికి మించిన గ్రహం లేదని కూడా అదే పరిశీలనలో తేలింది. 233 రోజుల గ్రహం ఆనవాలు ఎక్కడా లేదు.

ఈ గ్రహాలు మన వైపు నుంచి చూస్తే నక్షత్రానికి అడ్డంగా రావు. అందుకే వాటి సైజు కొలవడానికి గానీ, అడ్డంగా వచ్చినప్పుడు వాతావరణం గుండా జారివచ్చే కాంతిని పరీక్షించడానికి గానీ వీల్లేదు. ప్రస్తుతానికి చేతిలో ఉన్నవి ఎన్ని రోజులకు తిరుగుతున్నాయన్న లెక్క, కనీసం ఎంత బరువుంటాయన్న అంచనా మాత్రమే.