ఔట్‌బోర్డ్ ఇంజన్ కార్బ్యురేటర్: అపోహలు - వాస్తవాలు

తాడు పదిసార్లు లాగితే ఒకసారి స్టార్ట్ అవుతుంది. చోక్ తీయగానే ఆగిపోతుంది. పడవ వెనక బయట బిగించే ఔట్‌బోర్డ్ ఇంజన్లు బాగుచేసే నా దగ్గరికి ఎక్కువగా వచ్చే కంప్లయింట్ ఇదే. ఇంజన్ పని అయిపోయిందేమోనని దిగులుపడుతూ తెస్తారు. విప్పి చూస్తే చాలాసార్లు ఇంజన్‌కి ఏమీ అయుండదు. పాడైంది పెట్రోలు.

అపోహ: నడపకుండా పక్కన పెట్టిన ఇంజన్‌కి ఏమవుతుంది?

ఎక్కువ పాడయ్యేది అప్పుడే. పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి ఇచ్చేది కార్బ్యురేటర్. దాని కింద పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నెలో కొద్దిగా పెట్రోలు మిగిలిపోతుంది. అందులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం వారాల్లోనే ఎగిరిపోతుంది. మిగిలింది చిక్కబడి జిగురవుతుంది. నెలలు గడిచాక గిన్నె విప్పితే పెట్రోలు వాసన కాదు, పాత వార్నిష్ వాసన వస్తుంది. అడుగున తేనె రంగు పొర అంటుకుని ఉంటుంది.

పెట్రోలుని కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్కని జెట్ అంటారు. ఆ జిగురు ముందు మూసేసేది ఐడిలింగ్‌కి, అంటే థ్రాటిల్ ఇవ్వకుండా ఇంజన్ నెమ్మదిగా తిరగడానికి, ఇంధనం ఇచ్చే పైలట్ జెట్‌ని. చాలా చిన్న ఇంజన్లలో దాని రంధ్రం అర మిల్లీమీటరుకి అటూఇటూగా ఉంటుంది. జెట్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. వెలుగు గుండ్రటి చుక్కలా కనపడాలి. నెలవంకలా కనపడితే లోపల ఇంకా జిగురు ఉన్నట్టే. చోక్ వేస్తేనే ఇంజన్ నడవడానికి కారణం కూడా ఇదే. జెట్ ఇవ్వాల్సిన పెట్రోలు ఇవ్వడం లేదు, చోక్ గాలిని తగ్గించి ఆ లోటు పూడుస్తోంది.

అపోహ: కార్బ్యురేటర్ నోట్లో క్లీనర్ స్ప్రే కొడితే లోపలంతా శుభ్రమైపోతుంది.

ఆ స్ప్రే గాలితోపాటు నేరుగా సిలిండర్లోకి పోతుంది. జెట్లు ఉండేది వేరే దారిలో. వాటిని శుభ్రం చేయాలంటే కార్బ్యురేటర్ దించి విప్పాల్సిందే, దగ్గరి దారి లేదు.

విప్పే ముందు ఫొటో తీసుకోండి. ఐడిలింగ్ సర్దే పైలట్ స్క్రూని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకుని, ఆ తర్వాతే బయటికి తీయండి. బిగించేటప్పుడు ఆ లెక్కే దిక్కు. ఫ్లోట్ (గిన్నెలో తేలే బుడ్డి), అది పైకి లేస్తే పెట్రోలు ఆపే నీడిల్ వాల్వ్, రబ్బరు రింగులు, గ్యాస్కెట్లు తీసి పక్కన పెట్టండి. ఘాటైన క్లీనర్‌లో నానితే రబ్బరు ఉబ్బిపోతుంది, గాలి ప్రెషర్‌కి ఫ్లోట్ దెబ్బతింటుంది. జెట్లు ఊడదీసి, ప్రతి రంధ్రంలోనూ స్ప్రే కొట్టి, గాలి పట్టండి. ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి చిమ్మాలి, అప్పుడే దారి తెరుచుకున్నట్టు. అది కళ్లలోకే చిమ్ముతుంది కాబట్టి కళ్లకు రక్షణ ఇచ్చే అద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. అందుకే ఈ పని ఒడ్డున, గాలి ఆడే చోట చేయాలి.

అపోహ: జెట్ మూసుకుపోతే సన్నటి ఇనప తీగతో పొడిస్తే చాలు.

వద్దు. జెట్ ఇత్తడిది, మెత్తటి లోహం. తీగ గీసుకుంటే రంధ్రం సైజు మారుతుంది, ఇక ఇంధనం లెక్క ఎప్పటికీ కుదరదు. క్లీనర్‌లో నానబెట్టండి, నైలాన్ పోగుతో తీయండి. రాకపోతే అదే నంబరు జెట్ కొత్తది వేయండి.

అపోహ: కాస్త మిస్ కొట్టినా ఫుల్ థ్రాటిల్ ఇస్తే అదే సర్దుకుంటుంది.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ మాట వింటేనే. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే టూ-స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్‌కి ఆయిల్ అందేది ఆ పెట్రోలుతోనే. వేగంగా నడిచేటప్పుడు పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్ సగం మూసుకుంటే పెట్రోలూ తగ్గుతుంది, ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. ఆ స్థితిలో ఫుల్ థ్రాటిల్ ఇస్తే పిస్టన్ పట్టేస్తుంది. సిలిండర్‌కో కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్లలో ఇది ఇంకా మోసం చేస్తుంది, ఎందుకంటే మిగతా సిలిండర్లు లాగుతూనే ఉంటాయి. నేను విప్పిన ఒక మూడు సిలిండర్ల ఇంజన్లో రెండు పిస్టన్లు నున్నగా ఉన్నాయి. మూడోదాని పక్కలు నిలువునా గీసుకుపోయి, రింగులు కదలకుండా బిగుసుకుపోయాయి. ఆ సిలిండర్ జెట్‌లో ఇసుక రేణువంత మురికి ఉంది. అందుకే ఒక్క కార్బ్యురేటర్ తేడా చేసినా అన్నీ విప్పి శుభ్రం చేస్తాను.

అపోహ: ట్యాంకులో నీళ్లు చేరితే కొత్త పెట్రోలు పోసి కలిపేస్తే సరిపోతుంది.

ఇథనాల్ కలిపిన పెట్రోలు నీటిని కొంతవరకు తనలో కలుపుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉంటే మామూలు వాతావరణంలో లీటరుకి సుమారు 5 మిల్లీలీటర్ల వరకు. అది దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకి చేరతాయి. ఇంజన్‌కి పెట్రోలు లాగే గొట్టం ఉండేదీ ఆ అడుగునే. పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్ కూడా తగ్గిపోతుంది. అనుమానం ఉంటే అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనపడితే మొత్తం తీసేయాల్సిందే. ఫ్లోట్ గిన్నెలో తెల్లటి పొడి, ఇత్తడి మీద పచ్చదనం కనపడినా నీళ్లు వచ్చాయనే అర్థం. నీటిని వేరుచేసే ఫిల్టర్ పెట్టించుకోండి.

అపోహ: స్టెబిలైజర్ (పెట్రోలు నిలవుండటానికి కలిపే ద్రవం) పోస్తే పాత పెట్రోలు మళ్లీ బాగవుతుంది.

కాదు. కొత్త పెట్రోలు త్వరగా పాడవకుండా ఆపుతుంది, అంతే. తాజాగా ఉన్నప్పుడే కలిపి, ఇంజన్‌ని ఓ పది నిమిషాలు నడిపితేనే ఆ పెట్రోలు కార్బ్యురేటర్ దాకా చేరుతుంది. అలా నడిపేటప్పుడు కూలింగ్ నీళ్లు అందుతూ ఉండాలి, లేకపోతే ఆ నీళ్లు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, కాలిపోతుంది.

అపోహ: పెట్రోలు పైపు తీసేసి ఇంజన్ ఆగేదాకా నడిపితే కార్బ్యురేటర్ ఖాళీ అయినట్టే.

ఆగిపోయాక కూడా గిన్నె అడుగున పెట్రోలు ఉంటుంది. జిగురు కట్టడానికి అది చాలు. చాలా రోజులు పక్కన పెట్టేటప్పుడు గిన్నె కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి పూర్తిగా వదిలేయండి. రెండు నిమిషాల పని.

అపోహ: కార్బ్యురేటర్ శుభ్రం చేశాక ఇక టెన్షన్ లేదు.

మురికి పుట్టేది కార్బ్యురేటర్లో కాదు, వెనక నుంచి వస్తుంది. ఇంజన్ ఐదు నిమిషాలు నడిచి ఆగిపోతుంటే ముందు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూడండి. మూసి ఉంటే ట్యాంకులో గాలి ఆడక పెట్రోలు రాదు, ప్రైమర్ బల్బ్ (పెట్రోలు పైపు మధ్యలో చేత్తో పిసికే రబ్బరు బుడ్డి) అణిగిపోతుంది. ఎంత పిసికినా బల్బ్ గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బల్బ్‌లోని వాల్వ్ పోయింది.

ఒకతను ఒకే ఇంజన్‌ని ఒక్క సీజన్లో మూడుసార్లు తెచ్చాడు. మూడుసార్లూ అదే జెట్. మూడోసారి ఆ మురికిని తెల్ల గుడ్డ మీద వేసి వేలితో నలిపాను. నల్లగా సాగింది, రబ్బరు. పైపు పైకి కొత్తదానిలా ఉంది కానీ నిలువుగా కోస్తే లోపలి పొర పొరలుపొరలుగా ఊడి వస్తోంది. ఇథనాల్‌కి తట్టుకోని పాత రకం పైపు అది. పైపు, బల్బ్, ఫిల్టర్ మూడూ మార్చి, కార్బ్యురేటర్ ఇంకోసారి కడిగి ఇచ్చాను. ఆ ఇంజన్ తర్వాత నా దగ్గరికి వచ్చింది ఇంపెల్లర్ మార్చడానికే.